మొగులమ్మ పాలబండి

పోతిరెడ్డిపల్లి చివరన, కొత్తగా లేచిన మూడంతస్తుల ఇళ్ల నడుమ, ఇంకా బర్రెల కొట్టం మిగిలి ఉన్న ఇల్లు మొగులమ్మది. మోటారు సైకిలుకు రెండు పక్కలా పాలక్యాన్లు వేలాడదీసి, కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్లకూ, ఆ పైన తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లకూ పొద్దునా సాయంత్రం పాలు పోసి వస్తుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పైన మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని లారీల మధ్య నుంచి దూసుకుపోతుంటే మొదట్లో జనం ఆగి చూసేవారు. ఇప్పుడెవరూ చూడరు.

ఆ బండి ఆమె భర్త సత్తయ్యది. సత్తయ్య పటాన్‌చెరులో ఒక పైపుల కంపెనీలో ఫిట్టరు. మనిషిని కొట్టడం అతనికి అన్నం తిన్నంత మామూలు. ఒకసారి ఎవరో మెకానిక్కు టాపెట్లు మరీ బిగించి వాల్వు కాల్చేశాడని, వాడి షాపులోనే వాడిని పడేసి తొక్కి వచ్చాడు. అప్పటినుంచి బండిని బయట ఎవరి చేతా ముట్టించలేదు. అయితే కంపెనీ పనికి అతని వేళ్లు లావెక్కి మొద్దుబారాయి. ఇంజన్ తల మీది చిన్న మూతలు విప్పాక, ఆ ఇరుకు సందులోకి పోయే వేళ్లు ఇంట్లో మొగులమ్మవే.

అలా నేర్చుకుంది ఆమె. నేర్చుకోవడం అంటే దెబ్బలు తినడం. పెట్రోలును లోపలికి వదిలే వాల్వు ఒకటి, పొగను బయటికి తోసే వాల్వు ఒకటి. వాటికీ, వాటిని నొక్కే టాపెట్లనే ఇనుప మీటలకూ మధ్య సన్నటి సందు ఉండాలి. ఎక్కువైతే ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. సందే లేకపోతే వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. ఆ సందు కొలవడానికి గేజు అని ఉల్లిపొర లాంటి ఉక్కు రేకు ఉంటుంది. రేకు వదులుగా జారితే చెంపదెబ్బ. దూరకపోతే వీపు మీద గుద్దు. ఒక ఆదివారం నట్టు బిగిస్తుంటే దానితో పాటు లోపలి స్క్రూ కూడా తిరిగిపోయింది. సత్తయ్య చేతిలోని రింగు స్పానరు ఆమె ఎడమ చెవి మీద పడింది. ఆ చెవి మళ్లీ వినపడలేదు. టాపెట్ల చప్పుడు వినాలంటే ఇప్పటికీ ఆమె కుడి చెవి తిప్పి ఇంజన్ మీదికి వంగుతుంది.

రెండేళ్ల కింద సత్తయ్య కల్లు తాగి హైవే దాటుతూ లారీ కింద పడ్డాడు. మొగులమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఎందుకంత ఏడ్చిందో ఆమెకే అంతుపట్టలేదు. దినాలు అయిపోయాక బండి బయటికి తీసింది. కొట్టం వెనక బీడులో పడుతూ లేస్తూ నడపడం నేర్చుకుంది. అత్త దేవమ్మ అరుగు మీద కూర్చుని చూసింది. వద్దనలేదు.

వద్దన్నది మరిది యాదన్న. సూపర్‌వైజరును కొట్టి కంపెనీలోంచి బయటపడ్డాక అతనికి పని లేదు. అన్న బండీ, ఆ ఇంటి పాల ఖాతాలూ తనకే రావాలన్నది అతని లెక్క. రెండుసార్లు వచ్చి అడిగాడు. రెండుసార్లూ మొగులమ్మ బర్రెలకు గడ్డి వేసుకుంటూ ఉండిపోయింది.

మూడోసారి అతను అడగడానికి రాలేదు.

అది ఎండాకాలపు ఆదివారం. వారంగా ఇంజన్ టకటకలాడుతోంది. పొద్దుటి పాలు పోసి వచ్చి, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, మధ్యాహ్నం వేపచెట్టు నీడలో బండిని స్టాండు వేసింది. మూతలు విప్పింది. పక్క మూత తీసి లోపలి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, గుర్తుకు గుర్తు కలిసేచోట ఆపింది. మీటలు రెండూ వేలికి కొంచెం కదులుతున్నాయి. చక్రం సరైన చోటే ఆగింది. కుడిచేత రింగు స్పానరు పట్టుకుని గేజు రేకు లోపలికి దూర్చింది. ఎదురుగా మంచం మీద దేవమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

గేటు గోడకు కొట్టుకున్న చప్పుడుకు దేవమ్మ తల ఎత్తింది. మొగులమ్మ వినపడని చెవి వైపు నుంచి వచ్చాడు యాదన్న. కల్లు వాసన తగిలాకే ఆమెకు తెలిసింది.

"తాళంచెయ్యి ఇయ్యి వదినె," అన్నాడు.

"ఇంజన్ ఇప్పి ఉన్నది. కనవడుతలేదా?"

"మా అన్న బండి అది. ఆడిదానివి ఊరేగుతున్నవ్. తలకాయ ఎత్తుకోనిస్తలేవు మమ్మల్ని."

"తలకాయ ఎత్తుకునే పని ఏమన్న చెయ్యి, ఎత్తుకుంటవ్."

యాదన్న కాలెత్తి బండిని తన్నాడు. పది బిందెల బరువున్న ఇనుము ఒక్కసారిగా ఆమె మీద ఒరిగింది. ఫుట్‌రెస్టు మోకాలి కింద దిగబడింది. మూతలు విప్పిన సందుల్లోంచి నల్లటి ఆయిలు ఆమె ఒడిలోకి కారింది. కాలు లాక్కునేలోపే అతను జుట్టు పట్టుకుని ఆమె ముఖాన్ని పెట్రోలు ట్యాంకుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నోట్లో ఏదో విరిగింది. ఉమ్మితే పన్ను.

అప్పటికీ ఆమె కుడిచేతిలో రింగు స్పానరు ఉంది. సత్తయ్య కొట్టినన్నాళ్లూ ఆ చెయ్యి ఎన్నడూ లేవలేదు. ఇప్పుడు లేచింది. కూర్చున్నచోటు నుంచే, కింది నుంచి పైకి, యాదన్న దవడ మీద కొట్టింది. ఎముక చిట్లిన చప్పుడు ఆమె మంచి చెవికి బాగా వినపడింది. ఆమెకు భయం వెయ్యలేదు. ఇంకోటి కొట్టాలనిపించింది. కొట్టింది.

యాదన్న తూలి వెనక్కి పడుతూ ఖాళీ పాలక్యాను అందుకున్నాడు. రెండు చేతులా ఎత్తి దించాడు. అడ్డం పెట్టిన ఎడమచేతి చిటికెన వేలు పక్కకు మడత పడిపోయింది. ఆమె కేక పెట్టింది. అతను మళ్లీ క్యాను ఎత్తాడు. అది మాత్రం దిగలేదు.

వెనక దేవమ్మ నిలబడి ఉంది. బర్రెను కట్టేసే ఇనుప గొలుసు కొడుకు మెడకు చుట్టి, మోకాలు అతని నడుముకు ఆనించి, రెండు చేతులా లాగుతోంది. క్యాను జారి దొర్లిపోయింది. యాదన్న మోకాళ్ల మీద కూలాడు. ముఖం నల్లబడుతోంది. కాళ్లు మట్టిని తవ్వుతున్నాయి.

"నీ అయ్యను ఇడిసిన," అంటోంది దేవమ్మ. గొంతు పెంచలేదు. "నీ అన్నను ఇడిసిన. నిన్ను ఇడువ."

"అత్తమ్మా, సస్తడు. ఇడువు."

"సావనియ్యి."

మొగులమ్మ కుంటుకుంటూ వెళ్లి ముసలామె వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోయింది. రావడం లేదు. విరిగిన వేలితో, నెత్తురు కారే నోటితో అత్తను గట్టిగా కౌగిలించుకుని పక్కకు పడింది. గొలుసు అప్పుడు వదులైంది. యాదన్న బోర్లా పడి కక్కుకున్నాడు. దేవమ్మ ఆ మట్టిలోనే కోడలి కింద పడి, ఆకాశం వైపు చూస్తూ రొప్పుతోంది.

పక్కింటి నాగేశ్వరి గోడ మీద నుంచి చూసింది. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె భర్త ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేస్తాడు. అంబులెన్సుకూ పోలీసులకూ ఫోన్ చేసింది ఆమే.

అంబులెన్సు యాదన్నను ఎక్కించుకుంది. మొగులమ్మను కూడా ఎక్కమన్నారు. "రేపొస్త," అంది.

"రేపేంటి మొగులమ్మా? ఆ వేలు చూసుకున్నావా అసలు?" అంది నాగేశ్వరి.

"సాయంత్రం పాలున్నయి అక్కా. జెర ఈ బండి లేవట్టు."

ఇద్దరూ కలిసి బండి లేపారు. విరిగిన వేలిని పక్క వేలితో కలిపి గుడ్డపీలికతో కట్టుకుంది. తెరిచి ఉన్న సందుల చుట్టూ పడిన మట్టిని గుడ్డతో తుడిచి, లోపలికి ఒక్క రేణువు పోలేదని చూసుకుంది. చక్రం గుర్తు మళ్లీ కలిపింది. రేకు దూర్చి, స్క్రూ తిప్పి, కొంచెం పట్టినట్టు జారేదాకా సరిచేసి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించింది. రెండో దానికీ అంతే చేసింది. నోటి నుంచి నెత్తుటి చుక్కలు ఇంజన్ రెక్కల మీద పడుతుంటే తుడుచుకుంటూ చేసింది. అది నాగేశ్వరికి భయం కలిగించింది.

మూతలు బిగించి, కారిపోయినంత ఆయిలు పోసి, కిక్కు కొట్టింది. టకటక లేదు.

అప్పుడే పోలీసులు వచ్చారు. అత్తనూ కోడలినీ స్టేషనుకు రమ్మన్నారు. దేవమ్మ జీపెక్కింది. మొగులమ్మ బండి దిగలేదు. ఎస్సై ఆమె ముఖం చూసి, లేడీ కానిస్టేబులును ఆ బండి వెనక కూర్చుని స్టేషనుకు రమ్మన్నాడు. ఆ పూట బర్రెల పాలు ఎవరూ పిండలేదు. అవి చీకటి పడేదాకా అరుస్తూనే ఉన్నాయని నాగేశ్వరి తర్వాత చెప్పింది.

రెండు వైపులా కేసులయ్యాయి. యాదన్న దవడకు ప్లేటు వేశారు. దేవమ్మ స్టేషనులో, ఆ తర్వాత పెద్దమనుషుల ముందు ఒకటే మాట చెప్పింది. "నా కొడుకును సంపుదామనుకున్న. కోడలు ఆపింది. రాసుకోండ్రి." రాజీకి కూర్చోబెట్టిన పెద్దలు మొగులమ్మను మరిదికి క్షమాపణ చెప్పమన్నారు. చెప్పలేదు. "కొట్టిన. మల్లొస్తే మల్ల కొడుత," అంది.

మళ్లీ రాలేదు యాదన్న. వచ్చింది అతని భార్య శ్రావ్య. వానలు మొదలైన రోజుల్లో, బట్టల సంచితో, ఒక కన్ను వాచి మూసుకుపోయి వచ్చింది. దవడ నొప్పి తగ్గాక యాదన్న చేతులు మళ్లీ పని మొదలుపెట్టాయి. దేవమ్మ కంచంలో అన్నం పెట్టింది.

శ్రావ్య కొన్నాళ్లు బర్రెల పని చేసింది. తర్వాత బండి నడపడం నేర్చుకుంది. ఆ తర్వాత మొగులమ్మ ఆమెను ఇంజన్ ముందు కూర్చోబెట్టింది. వేలు వంకరగా అతుక్కుని, మొగులమ్మకు ఇరుకు సందుల్లో ఎడమచెయ్యి సరిగా ఆడటం లేదు. శ్రావ్య నట్టు బిగించింది. స్క్రూ కూడా దానితో తిరిగింది. మొగులమ్మ చెయ్యి లేచి శ్రావ్య చెంప మీద పడింది.

కొట్టానని ఆమెకు తెలిసేసరికి అయిపోయింది. శ్రావ్య తల రెండు చేతుల మధ్య దాచుకుని, తర్వాతి దెబ్బ కోసం కాచుకుని కూర్చుంది. ఆ కూర్చున్న తీరు మొగులమ్మకు బాగా తెలుసు.

అరుగు మీద నుంచి దేవమ్మ లేచి వచ్చింది. "నువ్వు గూడనా?" అంది పెద్దకోడలిని చూసి. అంతే.

మొగులమ్మ కొట్టంలోకి పోయి బర్రె పక్కన నిలబడింది. చాలాసేపటికి బయటికి వచ్చేసరికి శ్రావ్య అక్కడ లేదు. బట్టల సంచీ లేదు. రోడ్డు మీద ఆటోల దగ్గర దొరికింది.

"ఎటు పోతవ్?"

"ఎటన్న పోత అక్కా. తన్నులు తినేటిదుంటే ఆడనే ఉందును గద."

"తప్పు నాదే. ఇగ కొట్ట."

"ఆయన గూడ గట్లనే అంటడు."

వాన చినుకుల్లో ఇద్దరూ నిలబడ్డారు. ఆటోవాడు ఎక్కుతారా లేదా అని రెండుసార్లు హారన్ కొట్టాడు. చివరికి శ్రావ్యే అంది: "వస్త. మల్ల చెయ్యి లేస్తే స్పానరు నా చేతుల ఉంటది, యాదుంచుకో."

"సరే," అంది మొగులమ్మ.

ఇప్పుడు కొల్లూరు పాలు శ్రావ్యవి. దానికోసం ఇంకో పాత బండి కొన్నారు. రెండు బండ్ల టాపెట్లూ ఇంట్లోనే సెట్ చేసుకుంటారు. శ్రావ్య కూర్చున్నప్పుడు మొగులమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, మనిషంత దూరాన నిలబడి నోటితోనే చెబుతుంది. అది ఆమెకు కష్టంగానే ఉంటుంది.