సముద్రంలో కూడా సీరియల్ ఉండాదంట

నా ముక్కు మీద తోలు ఎట్ల లేచిపోయిందో చూస్తాండారు గదా. పొద్దున్నించి మన సత్యనారాయణపేటలో ఎదురైన ప్రతి ఒక్కరూ ఏమైందక్కా అని అడుగుతానే ఉండారు. ఒక్కొక్కరికి చెప్పేదానికంటే అందరికీ ఒకేసారి చెప్పేస్తా, టీ పోసుకొని కూర్చోండి. సముద్రంలో అల మీద బోర్డు వేసుకొని నిలబడే ఆట ఉండాది చూడండి, సర్ఫింగ్ అంటారు, అది ఆడబోయినా. నలభై ఒక్క ఏండ్ల వయసులో. ఆడినానో లేదో అంతా విన్నాక మీరే చెప్పాల.

మా లారీల సంగతి మీకు తెలిసిందే. మా మామ వరి పండించినాడు, మా ఆయన ఆ పొలం కౌలుకిచ్చి రెండు లారీలు కొన్నాడు. సండూరు కాడ ఇనుప రాయి లోడు చేసుకొని మంగళూరు పోర్టుకి తోలతారు. ఇప్పుడు మైన్స్ జోరులో ఎవరింటి ముందు చూసినా లారీనే గదా, అందుకే పోర్టు బయట వరుస కదలదు. పోయిన వారం మా రెండు బండ్లూ మూడు దినాలు ఆడనే నిలబడిపోయినాయి. డ్రైవర్లు బేజారై ఫోన్ల మీద ఫోన్లు. మా ఆయన నేనే పోయి చూస్తానన్నాడు, నేనూ వస్తానన్నా. ఇంట్లో ఆ మైన్స్ ఎర్ర దుమ్ము పొద్దునొకసారి సాయంత్రమొకసారి తుడిచీ తుడిచీ నాకూ బేజారైంది.

పోర్టుకి కొంచెం పైన చేపలు పట్టేవాళ్ళ ఊరొకటి ఉండాది. ఆడ చిన్న లాడ్జిలో దిగినాం. మా ఆయన తెల్లారితే పోర్టుకి పోతాడు, నేను ఒడ్డున కూర్చుంటా. రెండో దినం చూస్తే లోపల దూరంగా ఆరు మంది బోర్డుల మీద కాళ్ళు రెండు పక్కలా వేసుకొని కూర్చొని ఉండారు. ఏమీ చేయరు, సుమ్నే, ఊరికే కూర్చుంటారు. అంతలో పెద్ద అల ఒకటి లేచింది. ఆరు మందిలో ఒకాయన చేతులతో నీళ్ళు తోసుకొని, దాని మీద లేచి నిలబడి, ఏదో మేడ మెట్లు దిగినంత తేలిగ్గా ఒడ్డు దాకా వచ్చేసినాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. నేనూ నిలబడాల. ఊరికి పోయే లోపల నిలబడాల. మా పుట్టినూరు మోక, ఆడి కాలువలో ఈత నేర్చినదాన్ని, నీళ్ళంటే నాకు భయమేంది.

లాడ్జి పక్కన రేకుల షెడ్డు ఒకటి, ఆడ మల్లిక అనే ఆయమ్మ బోర్డులు అద్దెకిచ్చి ఆట నేర్పిస్తుంది. చుడీదార్ మీద మా ఆయన టీషర్టు వేసుకొని పోయినా. గంటసేపు నన్ను ఇసకలోనే బోర్డు మీద పడుకోబెట్టింది. పడుకో, నీళ్ళు తోయి, అరచేతులు ఆనించు, ఒక్క ఊపున లెయ్. బోర్డు తాడు కాలికి కట్టి, నడుము లోతు దాటి పోవద్దు, అవతల వాళ్ళుండారు అని జాగ్రత్త చెప్పింది. వాళ్ళుండారంటే, నేను మునిగితే పట్టుకునేదానికి మనుషులుండారు అని నేను అర్థం చేసుకున్నా.

నడుము లోతులో ఇరవై సార్లు పడినా. ఈ అలలు చిన్నవి, అందుకే బోర్డు కుదురుగా లేదు, తప్పు నాది కాదు అని నిర్ణయించుకొని, మల్లిక ఇంకొకరికి తాడు కడతాండే సమయం చూసి అవతలకి పోయినా.

ఆరు మందీ వరుసగా ఉండారు. ఎవరినీ పలకరించలేదు. అందరి పక్కనుంచీ తోసుకుంటా పోయి, అందరికంటే ముందు, అల లేచే చోటికి ఆనుకొని బోర్డు పెట్టినా. బస్సులో ముందు సీటు ఖాళీగా ఉంటే కూర్చోమా, అట్ల. ఇంత మంచి చోటు వీళ్ళకి కనపడలేదే పాపం అని కూడా అనుకున్నా.

అల వచ్చింది, నీళ్ళు తోసినా. వెనక నుంచి ఎవరో గట్టిగా, "ఇదు నన్న అలె. తావు దయవిట్టు పక్కక్కె సరియబేకు" అన్నారు. ఇది నా అల, తమరు దయచేసి పక్కకి జరగాల అని. మన కన్నడ మీకు తెలుసు గదా, కోపమొస్తే ఎట్ల ఉంటుందో. ఆ తీరం కన్నడ అట్ల కాదు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు ఉంటుంది, తమరు, దయచేసి అంటారు. గాలిలో నాకు ఆ 'తావు', 'దయవిట్టు' మాత్రమే వినపడినాయి. ఎంత మర్యాదస్తుడో, కొత్త మనిషినని ఆహ్వానిస్తాండాడు అనుకొని, పర్వాగిల్లరీ, నీవూ బర్రి అని నేనూ గట్టిగా చెప్పినా. పర్వాలేదు, మీరూ రండి అని. అని మునిగినా.

రెండోసారీ అదే. ఆయన ఇంకా మర్యాదగా చెప్పినాడు, నేను ఇంకా ప్రేమగా పిలిచినా. మూడోసారి అల లేచినప్పుడు ఇద్దరం ఒకేసారి తోసినాం. ఆయన నిలబడేసినాడు, నేను ఆయన దావకి అడ్డంగా బోర్లా పడి ఉండా. ఆయన నన్ను తప్పించబోయి పక్కకి దూకినాడు. నా బోర్డు ముక్కు పోయి ఆయన బోర్డు అడుగున తగిలింది. ఠప్పని శబ్దం. తల పైకెత్తి చూస్తే బోర్డు అడుగున ఉండే చేప రెక్క మాదిరి ముక్క ఒకటి విరిగి నురగలో తేలుకుంటా పోతాండాది.

ఆ మనిషి పేరు దయానంద. తెల్లారుజామున చేపలకి పోయి, వల దులిపి, పొద్దెక్కినాక ఈ ఆటకి వస్తాడు. ఎవరో విదేశీయుడు ఊరు వదిలి పోతా పోతా ఇచ్చిన బోర్డంట అది. ఎనిమిదేండ్ల నుంచి పగిలిన ప్రతి చోటా పడవకి పూసే జిగురు తనే పూసుకొని కాపాడుకుంటాండాడు. ఒడ్డుకొచ్చి, దాన్ని తొడ మీద పెట్టుకొని, విరిగిన చోట బొటనవేలితో తడుముకుంటా కూర్చున్నాడు. తిట్టింటే బాగుండేది.

మల్లిక నన్ను షెడ్డులోకి తీసుకుపోయి అప్పుడు చెప్పింది. అల మొదట యాడ విరుగుతుందో ఆడికి ఎవరు దగ్గరుంటే ఆ అల వాళ్ళది, కానీ వరుస దాటి ఆడికి దూరితే లెక్కలోకి రాదు. ఒక అలకి ఒక మనిషే. కొత్తగా వచ్చినోళ్ళు ముందు పలకరించాల, చివర కూర్చోవాల, పాతోళ్ళ వంతులైనాక తమ వంతుకి కాచుకోవాల. ఇది యాడా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. వాళ్ళు సుమ్నే కూర్చోలేదంట, వరుసలో కూర్చున్నారంట.

సాయంత్రం మా ఆయన వచ్చి అంతా విన్నాడు. నవ్వలేదు. సండూరులో లోడింగ్ కాడ వరుస సీరియల్ తప్పి ముందర లారీ దూర్చినోడిని డ్రైవర్లు ఏం చేస్తారో చూసినావు గదా అని అడిగినాడు. చూసినా, అన్నా. "నువ్వు మూడుసార్లు దూర్చినావు. పైగా వెనకోణ్ణి కూడా రమ్మన్నావు" అన్నాడు.

ఇంగ ఊరుకుంటే నేను మోక ఆడపిల్లనే కాదు. పోయి దయానంద ఎదురుగా నిలబడి తప్పయింది అన్నా. ఆయన జిగురు కలుపుతాండాడు. గరుకు కాగితం తీసుకొని నేను రుద్దుతా అన్నా. "తావు విశ్రాంతి తెగెదుకొళ్ళి" అన్నాడు. తమరు విశ్రాంతి తీసుకోండి అని. ఈసారి నాకు ఆ కన్నడ బాగా అర్థమైంది, ముట్టుకోవద్దు అంటాండాడు. అర్థమైనా కూడా కూర్చున్నా. మొదట పాత జిగురు గీకినా, తర్వాత ఆయన రెక్క అతికిస్తే పట్టుకున్నా, ఆరినాక రుద్దినా. వేళ్ళ మీద తోలు పోయింది. చీకటి పడేటప్పటికి ఆయన నా చేతిలో కాగితం మార్చి సన్న రకం ఇచ్చినాడు.

మరుసటి దినం మధ్యాహ్నానికి మా బండ్లు ఖాళీ అయితాయని కబురొచ్చింది, అంటే నాకుండేది ఒక్క పొద్దే. ఏడు గంటలకే నీళ్ళలో దిగినా. ఆరు మందికీ ఒక్కొక్కరికి నమస్కారం పెట్టి, అందరి చివర, అల ఒకటీ రాని చోట బోర్డు మీద కూర్చున్నా. ఎండలో ముక్కు మండుతాండాది. వాళ్ళు పోతాండారు, వస్తాండారు, నేను కూర్చొనే ఉండా. ఒకాయన పోయినప్పుడల్లా ఒక బోర్డు అంత ముందుకి జరుగుతా, ఆయన తిరిగి రాగానే మళ్ళా వెనక్కి జరుగుతా. పది గంటలైంది. కాళ్ళు ఎండు చేప మాదిరి ముడతలు పడినాయి. ఒడ్డు మీద మా ఆయన వచ్చి బండి తాళం ఊపుతాండాడు. నేను తల తిప్పలేదు.

అప్పుడు మంచి అల ఒకటి లేచింది. దయానందకి ఎదురుగా, ఆయనదే, ఎవరు చూసినా ఆయనదే. ఆయన అతికించిన బోర్డు మీద కదలకుండా కూర్చొని నా వైపు తిరిగినాడు.

"ఈ అలె నిమ్మదు" అన్నాడు. మీది అని.

మిగతా ఐదు మందీ చేతులు నీళ్ళలోంచి తీసేసినారు. నాకు ఏడుపొచ్చేసింది, కానీ ఏడిస్తే అల పోతుంది. తోసినా. వెనక నుంచి పెద్ద ఎద్దు కుమ్మినట్టయింది. అరచేతులు ఆనించి, ఒక్క ఊపున లేచి, నిలబడినా. నిలబడేసినా. చేతులు రెండూ చాపినా, కళ్ళు గట్టిగా మూసుకున్నా, తెరిస్తే పడిపోతానని. గాలి ముఖాన కొడతాండాది. వెనక ఈలలు వినపడతాండాయి. ఎంతసేపు నిలబడతానో తెలుసుకోవాల గదా, మనసులో అంకెలు లెక్క పెట్టుకుంటా వచ్చినా. పది, ఇరవై, ముప్పై. కాళ్ళ కింద బోర్డు బండరాయి మాదిరి కుదురుగా ఉండాది. ఇంత సులువా ఇది, ఊరికే భయపడినానే అనుకున్నా. నలభై అనేసరికి మా ఆయన గొంతు, చానా దగ్గర్నుంచి, నా చెవి కాడే వినపడింది.

"ఇంగ దిగు. ఒడ్డుకి వచ్చి చానా సేపైంది."

కళ్ళు తెరిస్తే బోర్డు ఇసకలో కూరుకొని ఉండాది. చుట్టూ చేపలమ్మే ఆడోళ్ళు గంపలు దించి నన్నే చూస్తాండారు.

అయినా నిలబడినా గదా. ఆ నలభై అంకెల్లో నీళ్ళ మీద ఉండింది ఎన్ని అని మల్లికని అడిగినా. ఆయమ్మ నాలుగు వేళ్ళు చూపించి, కొంచెం ఆలోచించి, ఒకటి మడిచింది.