సాయన్న కతకొక మజిలీ

వీపనగండ్లలో బండి సాయన్న అబద్ధం ఆడితే సాక్ష్యం చెప్పడానికి రాళ్ళు కూడా లేచి నిలబడేవి. గద్వాల కోటలోని ఫిరంగి గొట్టంలో వాళ్ళ తాత వానకు రెండు మేకలతో దూరాడట, తెల్లారి బయటికొచ్చేసరికి మేకలు మూడయ్యాయట. సాయన్న మాత్రం ఆ కోటను ఒక్కసారే, అదీ ఎద్దుల సంతకు పోయినప్పుడు, బయటి నుంచే చూశాడు. ఇటు వనపర్తి, అటు జటప్రోలు, అతని బండి తొక్కిన లోకం అంతే. మిగతా లోకమంతా నోటితోనే తిరిగొచ్చాడు.

ఉన్న ఆధారం నాలుగెకరాల ఎర్ర చెల్క. అదీ పటేలు దగ్గర కౌలుకు. మిరుగం కార్తె వానకు పదునైతే ఆ పదును ఆరకముందే విత్తనం పడాలి. పడలేదా, చెల్క ఇంకొకరికి పోతుంది. పటేలు ఆ మాట ఏటా చెప్పేవాడు, ఆ ఏడూ చెప్పాడు.

సర్కారు మనిషి ఊళ్ళోకొస్తే బండి ఇవ్వాలి, కూలి అడగకూడదు. అది ఎట్టి. కానీ ఎట్టికీ ఒక దయ ఉండేది. ఈ ఊరి బండి పక్కూరి పొలిమేర దాకానే. అక్కడ ఆ ఊరి బండి అందుకుంటుంది. పొద్దున పోయినవాడు పగటి బువ్వకు ఇల్లు చేరేవాడు.

రోహిణి కార్తె ఆఖర్లో హైదరాబాదు నుంచి ఒక సాహెబు దిగాడు. పాత కోటలు, గుళ్ళు చూసి రాసుకుపోవడం అతని కొలువు. గద్వాల, వనపర్తి అయిపోయాయి. చావడిలో మంచం మీద కాగితం పరిచి, గుమాస్తా మిగతా దారి చదువుతున్నాడు. జటప్రోలు ఒక పూట, కొల్లాపురం ఒక దినం, కోడేరు, నాగర్‌కర్నూలు. మొత్తం ఐదు దినాలు. నాగర్‌కర్నూలులో సాహెబు మోటారెక్కుతాడు.

గడప బయట ఎద్దుల పగ్గాలు పట్టుకుని నిలబడ్డ సాయన్న నోరు మూసుకుని ఉంటే ఈ కత లేదు.

"ఒక్క పూటనా సర్కార్!" అన్నాడు. "జటప్రోలుల రాతి ఏనుగున్నది. అమాసనాడు కృష్ణల దిగి నీళ్ళు తాగొస్తది. దాని కాలిగుర్తులల్ల నా బండి దిగవడ్డది."

పటేలు ఉరిమి చూశాడు. సాహెబు మాత్రం కళ్ళద్దాలు పైకి జరిపి నవ్వాడు.

"దారి తెలుసా నీకు?"

"దారికే నేను తెల్సు సర్కార్."

"శభాష్! ఊరూరా బండి మార్చలేక చస్తున్నాను. పటేల్, ఈ బండే నాగర్‌కర్నూలు దాకా రావాలి. జటప్రోలుకు ఒక దినం ఎక్కువ రాయండి."

ఐదు దినాలు కాస్తా ఆరయ్యాయి. భయపెడితే సాహెబు వెనక్కి తగ్గుతాడేమోనని సాయన్న ఇంకో కత తీశాడు.

"కొల్లాపురం దాటితే మంచిగుండదు సర్కార్. లింగాల అడివి గాలి కొడ్తది. ఆడొక పాడువడ్డ కోట, దానికి పులి కావలి. పోయినోడు మల్లిరాలె."

"కోటా? ఎవరూ చెప్పలేదే! లింగాల కూడా రాయండి."

ఏడయ్యాయి. సాయన్న ఎద్దులను ఇంటి దారి పట్టించాడు.

ఇంట్లో పెళ్ళాం జములమ్మ చాటలో జొన్న విత్తనం ఏరుతోంది. సంగతి విని చాట కింద పెట్టింది. గడప మీద ఏడు ఆముదపు గింజలు వరసగా పేర్చింది. తిరిగొచ్చే దారికి ఇంకో మూడు.

"పది దినాలు. మిరుగం అంతదాంక ఆగుతదా?"

"ఆగుతదే. మొగులుకు నేను చెప్తలే."

"మొగులేమన్న సాహెబా, నీ కతలు విననీకె? పోయి ఎద్దులకు సుస్తి అని చెప్పు."

"ఎట్ల చెప్తనే? నా కర్రెద్దు కృష్ణ ఈది అవతల గడ్డి మేసొస్తదని మొన్ననే పటేలు ముంగటనె అంటి."

"నీ నోట్ల మన్నువడ," అని జములమ్మ మళ్ళీ చాట అందుకుంది.

నాలుగో దినం కొల్లాపురంలో పడమటి మొగులు నల్లబడింది. వీపనగండ్ల దిక్కున వాన నిలువునా దిగుతోంది. సాయన్న బండి దిగి సాహెబు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉప్పూకారం కలపకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"సర్కార్, నా చెల్కల వాన వడ్డది. మూడు దినాలల్ల ఇత్తనం ఎయ్యకుంటే పటేలు గుంజుకుంటడు. నా ఆడది ఒక్కతే ఉన్నది. జర దయుంచుండ్రి. ఇంకో బండి ఎక్కుండ్రి."

సాహెబు గొడుగు కింద ఏదో శాసనం రాసుకుంటున్నాడు. తలెత్తి, "ఇదీ బాగుంది. తర్వాతేమైంది?" అన్నాడు.

గుమాస్తా కిసుక్కున నవ్వాడు.

లింగాల అడవిలో రెండు దినాలు లేని కోట కోసం తిరిగారు. సాయన్న చూపిన ప్రతి గుట్టనూ సాహెబు ఎక్కి దిగాడు. పులి రాలేదు. వస్తే బాగుండునని సాయన్న అనుకున్నాడు. రాళ్ళలో కర్రెద్దు డెక్క చీలింది. దాన్ని అట్లాగే నాగర్‌కర్నూలు దాకా నడిపించాడు. సాహెబు మోటారెక్కుతూ భుజం తట్టి, "నీలాంటివాడు లక్షలో ఒకడు," అన్నాడు.

పదకొండో దినం సాయన్న ఊరు చేరాడు. కుంటే ఎద్దును బండి వెనక కట్టి, దాని చోట కాడిని తన భుజానికెత్తుకుని వచ్చాడు. ఇంటికి పోకుండా సీదా చెల్కకు నడిచాడు.

చెల్క నిండా జొన్న మొలక, రెండాకులేసి ఉంది. సాళ్ళు తిన్నగా ఉన్నాయి. అతని సాళ్ళెప్పుడూ అంత తిన్నగా లేవు.

గట్టు మీద జములమ్మ కూర్చుని ఉంది.

"ఎవరిచ్చిండ్రు ఎద్దులు?" అన్నాడు ఆశగా.

"ఎవరియ్యలె. పటేలు కోడేరాయనకు ఇచ్చిండు చెల్క. వాళ్ళ ఇత్తనాల గొర్రు వచ్చింది."

"మరి నువ్వు?"

"గొర్రు ఎంబడి నడిచి ఇత్తనం పోసింది నేనే," అంది ఆమె. "కూలికి."

డెక్క కుళ్ళి కర్రెద్దు ఆ ఆషాఢంలోనే పోయింది. మిగిలిన ఒంటెద్దును అమ్మి సాయన్న రాళ్ళు కొట్టే పనికి కుదిరాడు.

మరుసటేడు చావడికి బంట్రోతు వచ్చాడు. సాహెబు మళ్ళీ బయలుదేరాడట, కతలు చెప్పే బండాయనే కావాలట. చావడి అరుగు మీద సాయన్నే కూర్చుని ఉన్నాడు.

"ఆయన లేడు," అన్నాడు సాయన్న. "లింగాల అడివిల పులి తిన్నది."

"నువ్వు చూశావా?"

"దగ్గరుండి సూసిన."

చావడిలో పదిమంది ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. బంట్రోతు అదే రాసుకుని పోయాడు.