దేవమణి బండి

పెనుగంచిప్రోలు నుంచి మిరపకాయ కోతకు ఆడకూలీలను తీసుకెళ్లే పికప్ బండి దేవమణిది. మనిషి పొట్టి కాబట్టి సీటు మీద దిండు వేసుకుని నడుపుతుంది. వెనక ఆడవాళ్ల కబుర్లు ఎంత గోలగా ఉన్నా, బండి చప్పుడులో తేడా వస్తే ఆమె చెవి ఇట్టే పట్టేస్తుంది. శనివారం బ్రేకు తొక్కినప్పుడు ఇనుము గీరిన చప్పుడు విన్నది. ఆదివారం ప్రార్థన నుంచి వస్తూనే కుచ్చిళ్లు ఎగదోపి, వాకిట్లో జాకీ ఎత్తి ముందు చక్రం ఊడదీసింది. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. పానాకు గొట్టం తొడిగి, దానిమీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడింది. బోల్టు కిర్రుమంటూ వదిలింది.

అరిగిన ప్యాడ్లు తీసి కొత్తవి వేసి, రెండో చక్రం వైపు జరిగింది. నడుం పట్టేసి మంచం మీదున్న భర్త ఇశ్రాయేలు, "ఆ పక్కవి బానే ఉన్నాయిగా, వదిలెయ్యవే," అన్నాడు. "ఒక పక్క గట్టిగా పట్టి ఇంకో పక్క జారితే బండి పక్కకి లాగుద్ది. మునేటి వంతెన మీద లాగితే?" అంది. ఆ చక్రమూ ఊడదీసి ప్యాడ్లు మార్చింది. అన్నీ బిగించాక, మెత్తగా దిగిపోతున్న పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కింది.

తెల్లారి క్యారేజీలతో వచ్చిన ఆడవాళ్లు బండెక్కబోయారు. "ఆగండే, ఎవురూ ఎక్కమాకండి," అని, ఖాళీ బండితో ఏటి వాలు దిగి మధ్యలో బ్రేకు తొక్కింది. బండి ఏ పక్కకీ లాగకుండా తిన్నగా ఆగింది. వాళ్లు విసుక్కుంటున్నా బండిని మళ్లీ వాలు ఎక్కించి, మళ్లీ దింపి చూసుకుంది. అప్పుడు వచ్చి వెనక డోరు తీసింది.

"ఇప్పుడు ఎక్కండి."