బ్యాంకు చేసిన గృహప్రవేశం

2014 జూన్‌లో నన్ను లండన్ నుంచి షెఫీల్డ్ శాఖకు హోమ్ ఫైనాన్స్ మేనేజరుగా వేశారు. మాది ఇస్లామిక్ బ్యాంకు. వడ్డీ నిషిద్ధం కనుక ఇంటికి అప్పివ్వం. ఇల్లు మేమే కొని, ఖాతాదారుకు అద్దెకిచ్చి, వాటాలుగా అతనికే అమ్ముకుంటూ వస్తాం. ఇందులో వరుస తప్పకూడదు. సొంతం కాకముందే అద్దెకిస్తే ఆ ఒప్పందం చెల్లదు. కర్నూల్లో మా అత్తగారు దీన్ని ఇళ్ల బ్రోకరు పని అనేవారు. నేనెప్పుడూ కాదనలేదు.

అక్కడ నా మొదటి ఖాతాదారు కరీంనగర్ రమేష్, ఆస్పత్రిలో ఫార్మసిస్టు. శుక్రవారం ఉదయం ఇల్లు బ్యాంకు పేరు మీదికి వచ్చింది. తాళం తీసుకుని వెళ్లేసరికి గుమ్మం ముందు రమేష్, అతని తల్లి సత్తమ్మ, స్విండన్ నుంచి వచ్చిన పురోహితుడు ఎదురుచూస్తున్నారు. పురోహితుడికి మామూలు రోజుల్లో ఐటీ ఉద్యోగం. వెనక సామాన్ల వ్యాను నిలబడి ఉంది. పాత ఫ్లాట్ అప్పటికే అప్పగించేశారు.

సరిగ్గా అప్పుడే మా షరియా సలహాదారు ముఫ్తీ సాబ్ లండన్ నుంచి ఫోన్ చేశారు. లాయర్లు అద్దె ఒప్పందం మీద ముందురోజు తేదీ వేశారట. అది చెల్లదు, కొత్తది కొరియర్‌లో సాయంత్రానికి వస్తుంది, అందాకా ఇల్లు పూర్తిగా బ్యాంకుదే అన్నారు.

విషయం చెప్పగానే రమేష్ ముఖం పాలిపోయింది. వారం తిరిగితే ఆషాఢం, దాని వెనకే మూఢం.

"ముహూర్తం తప్పితే ఆ ఇంట్ల అడుగువెట్ట. శ్రావణం దాంక వ్యాన్లనే ఉంట," అంది సత్తమ్మ, పాలగిన్నె పట్టుకుని.

ముఫ్తీ సాబ్‌ను బతిమాలితే, యజమాని తన ఇంటికి అతిథులను పిలుచుకోవచ్చన్నారు. పురోహితుడు తల అడ్డంగా ఊపాడు. అతిథులు గృహప్రవేశం చేయరట, యజమాని ముందు నడవాలట. అందరూ నావైపు చూశారు.

"ఖాదర్ అంకుల్, మీరే ఏదన్న చెయ్యాలె," అన్నాడు రమేష్.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరూ నాకీ డ్యూటీ వేయలేదు. ఏ కాలు ముందు పెట్టాలని అడిగాను. కుడికాలన్నారు. మాకూ కుడికాలే. సూటూ బూటూ వేసుకుని వచ్చినవాణ్ని, గుమ్మంలో బూట్లు విప్పి, చేతిలో పసుపు కుంకుమల పళ్లెంతో, మనసులో బిస్మిల్లా అనుకుని లోపలికి నడిచి, అతిథులను రమ్మని పిలిచాను. పాలు పొంగాయి. హోమం పొగకు అలారం మోగింది. సాయంత్రం సంతకాలయ్యాయి.

డిసెంబరులో సత్తమ్మ ఫోన్ చేసింది.

"మీ ఇంట్ల బాయిలర్ ఆగింది సారూ."

ఒప్పందం ప్రకారం రిపేర్లు చేయించాల్సింది మీ రమేషేనని మర్యాదగానే చెప్పాను.

"ముందుగాల కాలువెట్టింది నువ్వే గదా. ఇల్లుగలాయన గిట్ల చలికి సంపుతడా?"

నా పక్షాన మాట్లాడతారని ముఫ్తీ సాబ్‌ను అడిగాను. ఆయన చాలాసేపు నవ్వారు. రమేష్ రిపేరు చేయించేది బ్యాంకు తరఫునేనట. ఇంటిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత మా ధర్మశాస్త్రంలోనూ యజమానిదేనట. ఖర్చు బ్యాంకే పెట్టుకుంది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా కొత్త మేనేజర్లకు నేను చెప్పిన పాఠం ఒకటే. అద్దె వచ్చే రోజున యజమాని అనిపించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. బాయిలర్ ఆగిన రోజున ఫోనెత్తేవాడిదే ఇల్లు.