ఆరున్నొక్కటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడు అనే అంకె లేదు. ఆరు ఉండేది, ఎనిమిది ఉండేది. మధ్యలో ఉన్నదాన్ని మా అమ్మ ఆరున్నొక్కటి అనేది. ఆ మాటకొస్తే ఒకటి కూడా లేదు, దాన్ని లాభం అనేది. లెక్క మొదలుపెడుతూ లాభం అంటే లాభం వస్తుందని, ఏడు అంటే ఏడుపు వస్తుందని కొబ్బరి రాశుల దగ్గర పనిచేసేవాళ్ల నమ్మకం. మా అమ్మ అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టులో కాయలు లెక్కపెట్టేది. ఈ రాశిలోంచి కాయ తీసి ఆ రాశిలో వేస్తూ, పాట పాడినట్టు పైకి లెక్క చదివేది. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. నాకు వచ్చిన లెక్కంతా అలా చెవిలో పడి వచ్చిందే.

నన్ను బడికి పంపలేదు. నాకు ఐదో ఏట పెద్ద జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. బడేమో కాలువ అవతల, మిషను వాళ్లది. వంతెన అంటే రెండు తాటిదుంగలు, చేత్తో పట్టుకోవడానికి ఒక వెదురు, అంతే. మా అమ్మ ఒకరోజు నన్ను వాటి మీద నడిపించింది. సగం దూరం వెళ్లేసరికి నా కాలు వణకడం చూసి, ఎత్తుకుని ఇంటికి తెచ్చేసింది. నా పిల్లకి నేనే చెప్పుకుంటాను అంది. ఆవిడకి వచ్చినదెంత? ఆదివారం బడిలో నేర్చుకున్న అక్షరాలు, కూడబలుక్కుని చదవడం.

సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, వాకిట్లో ఇసక చదును చేసి, కొబ్బరి ఈనె నా చేతిలో పెట్టేది. ముందు ప్రార్థన. పెద్దగా ఏమీ ఉండదు, ఒక్కటే మాట. ‘ప్రభువా, నాకు రానిది దీనికి నువ్వు నేర్పు.’ నేను కళ్లు తెరిచి చూసేదాన్ని, ఎవరైనా వస్తారేమోనని.

ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ పడిన బెంగ తెలుస్తోంది. బడి వదిలే వేళకి గట్టు మీద నిలబడి, వచ్చే పిల్లల్ని పలకలు చూపించమని బతిమాలేది. తనకి తెలియని లెక్క ఏదైనా పలక మీద కనిపించిందా, ఆ పూట అన్నం సయించేది కాదు. పక్కింటి అత్త గోడ మీంచి వేళాకోళం చేసేది.

‘ఏమే, మీ ఇంటి బడికి సెలవులెప్పుడే? దానికి చదువు చెప్తున్నావా, కాయలేరడం నేర్పుతున్నావా?’

‘నువ్వూ రా వదినా. నీకూ ఓ ఈనె ఇత్తాను’ అనేది మా అమ్మ. అని, అటు తిరిగి కళ్లు ఒత్తుకునేది.

మా ఇంట్లో ఉన్నది ఒకే పుస్తకం, ప్రార్థన వేళ తీసేది. అందులో సృష్టి కథ నాకు నచ్చేది. దేవుడు మొదటి రోజున వెలుగు చేశాడు, రెండో రోజున ఆకాశం చేశాడు అని వేలు పెట్టి చదువుతూ వెళ్లి, ఆరో రోజు అయిపోగానే మా అమ్మ గొంతు తగ్గించి ‘ఆ మర్నాడు విశ్రాంతి తీసుకున్నాడు’ అనేది. అక్కడ పుస్తకంలో ఉన్న మాట అది కాదని నాకు చాలాకాలం తెలియదు. ఆరున్నొక్కటిని దాని అసలు పేరుతో పిలిస్తే ఏమవుతుంది, రాశి తగ్గిపోతుందా అని ఒకసారి అడిగాను. ‘తగ్గుద్దో లేదో నాకూ తెలీదు. తగ్గేక తెలుసుకుని ఏం చేత్తాం?’ అంది.

నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి కాలు కాస్త గట్టిపడింది. బడికి పంపుతానని మా అమ్మ పట్టుబట్టింది. మా నాన్న ఒకటే అన్నాడు. మూడో తరగతిలో తీసుకుంటే పంపు, ఒకటో తరగతిలో పసిపిల్లల పక్కన కూర్చోబెడతామంటే మాత్రం వద్దు, నీతో పాటు కొట్టుకి తీసుకుపో అని. ఆయన మాటకి తిరుగు లేదు. నా బతుకు బడా, కొట్టా అన్నది ఆ ఒక్క ఉదయంలో తేలిపోవాలి. అది నా పరీక్ష కాదు, మా అమ్మది.

బడిలో పెద్ద టీచరుగారు కళ్లజోడు పెట్టుకుని, గంజి పెట్టిన నేతచీరలో కూర్చుని ఉన్నారు. మా అమ్మ అరుగు ఎక్కలేదు. మెట్టు కింద, తడి కాళ్లతో నిలబడి, పిల్లని మూడో తరగతిలో తీసుకోమని అడిగింది. టీచరుగారు పుస్తకం ఇచ్చి చదవమన్నారు. చదివాను. లెక్క చెప్పమన్నారు. నేను పాట ఎత్తుకున్నాను. లాభం, రెండు, మూడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది అనేసరికి తరగతంతా నవ్వింది.

టీచరుగారు లేచి నల్లబల్ల మీద సుద్దతో ఒక అంకె వేశారు. దాని రూపం నాకు తెలుసు, పేరే తెలియదు. బెత్తం దాని మీద ఆనించి, నా వైపు తిరిగి, నెమ్మదిగా ‘ఏడు’ అన్నారు.

నేను ఏడ్చాను. అప్పటికే అందరూ నవ్వుతున్నారు, పైగా పెద్దవాళ్లు చెప్పాక చేయకుండా ఎలా ఉంటాం?

‘అయ్యో, ఎందుకమ్మా ఏడుస్తున్నావు?’

‘మీరే కదండి ఏడమన్నారు.’

ఇక తరగతి ఆగలేదు. బల్లలు చరిచి మరీ నవ్వారు. నేను మా అమ్మ వైపు చూశాను. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నాలుగేళ్లు తను ఇసకలో కట్టినదంతా ఒక్కసారి కూలిపోతే చూస్తున్నట్టు ఉంది. ‘తప్పు నాదండి’ అంది. ‘కొట్టులో లెక్కండి అది. తెలీక పిల్లకీ అదే అంటించేసేను. తీసుకెళ్లిపోతానండి’ అని నాకోసం చెయ్యి చాపింది.

టీచరుగారు నవ్వలేదు. అరుగు దిగి మా అమ్మ దగ్గరికి వెళ్లారు.

‘ఈ లెక్క నాకు తెలీదమ్మా. చెప్పండి’ అన్నారు.

మా అమ్మకి అర్థం కాలేదు. టీచరుగారు రెండోసారి అడిగారు. అడిగి, మా అమ్మ మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి నల్లబల్ల దగ్గర నిలబెట్టి, తాను వెళ్లి పిల్లల మధ్య పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అంత చదువుకున్న మనిషి, కాయలు లెక్కపెట్టే మనిషి ముందు కూర్చున్నారు. నవ్విన నోళ్లన్నీ మూతపడ్డాయి. నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది.

మా అమ్మ మొదట గొణిగింది. తర్వాత కొట్టులోని గొంతు వచ్చేసింది. లాభం, రెండు అంటూ ఎత్తుకుంది. పదిహేడు దగ్గర పదహారున్నొక్కటి అంది. అది ఆవిడ సొంతంగా కనిపెట్టుకున్నది. పిల్లలు వెంట పలికారు, టీచరుగారూ పలికారు. అయ్యాక టీచరుగారు అడిగారు.

‘మరి సృష్టి కథలో ఏడో రోజు ఉంది కదమ్మా. అక్కడేం చేస్తారు?’

మా అమ్మ తిరిగి అడిగింది. ‘ఆ రోజు దేవుడు ఏం చెయ్యలేదు కదండి. లెక్కెట్టడానికేముంటుంది?’

టీచరుగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత ‘పిల్లని మూడులోనే కూర్చోబెడతాను. ఒక్క అంకె పేరు తప్ప అన్నీ వచ్చు దీనికి. ఆ పేరు మాత్రం నేను చెప్పను, మీరే నేర్పి పంపండి’ అన్నారు.

‘ఆయ్’ అంటూ తలూపింది మా అమ్మ.

ఇంటికి వస్తూ కాలువ గట్టున ఆగింది. పుల్ల తీసి తడి మట్టిలో ఆ అంకె వేసింది. కళ్లు మూసుకుని ఆ రోజూ ప్రార్థన చేసుకుంది. ముందు తరాల నుంచి వస్తున్న భయాన్ని నోట్లోంచి తీస్తున్నట్టు, నెమ్మదిగా ‘ఏడు’ అంది. నేనూ అన్నాను. కాలువ ఎప్పటిలాగే పారుతోంది. మా అమ్మ అటూ ఇటూ చూసి, ఇంకోసారి అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ రాశి దగ్గర ఆరున్నొక్కటే అంది, ఏడు నా ఒక్కదాని కోసమే అంది. అంతకంటే పెద్ద ధైర్యం నేను మళ్లీ చూడలేదు.

నా చదువు ఐదుతో ఆగిపోయింది. అదేం పెద్ద చదువు కాదు. కానీ మా ఆయన పోయాక కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు, ‘నాకు తెలీదు బాబూ, చెప్పు’ అనడానికి నాకు సిగ్గనిపించలేదు. ఆ పొట్టి బెంచీ మీద కూర్చున్న మనిషిని చూశాను కదా.

ఇప్పుడు అమలాపురంలో మా అమ్మాయి తన కూతురికి ఇంట్లోనే చదువు చెప్పుకుంటోంది. ఫోన్ చేసి బెంగపడుతుంది. మొన్న పిల్ల, ప్రార్థన చేసేటప్పుడు కళ్లెందుకు మూసుకోవాలని అడిగిందట. ‘నాకు తెలీదంటే నా మీద గురి పోతుందేమోనమ్మా’ అంది మా అమ్మాయి. తెలియదని చెప్పి దాన్నే అడగవే అన్నాను. అడిగిందట. పిల్ల అరగంట సేపు ఆపకుండా చెప్పిందట. అదేం చెప్పిందో మా అమ్మాయి రోజూ కొంచెం కొంచెం ఫోన్లో చెబుతుంది. నేను పొయ్యి ఆపుకుని కూర్చుని వింటాను. ఇంత వయసొచ్చాక కూడా నాకు తెలియనిది ఇంకా ఇంత మిగిలి ఉందా అని ఒళ్లు జలదరిస్తుంది.