కార్మక్ డెవెనీకి ఊరు చేసిన సన్మానం

బాలినార్డ్‌లో గోడ నున్నగా ఉందంటే దాని మీద కార్మక్ డెవెనీ తాపీ నడిచిందని అర్థం. వారమంతా ఇళ్లకు పూత పూసి, శుక్రవారం సాయంత్రం జుట్టులో తెల్లటి దుమ్ముతోనే మైదానానికి వెళ్లి, ఊరి ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరుగా గోలు ముందు కాపలా కాసేవాడు. పదహారేళ్లు అలాగే గడిచాయి. అతని పరుగు గొప్పదేమీ కాదు. కానీ బంతి ఎక్కడికి రాబోతోందో కనిపెట్టి అక్కడికి ముందే చేరేవాడు. చూసేవాళ్లకు ఆ పని కనపడదు. గోడ చదునుగా ఉంటే పూసినవాణ్ణి ఎవరు తలుచుకుంటారు?

అసలు చూసేవాళ్లే తక్కువ. అంత ఊరిలో ఆరేడు వందల మంది వస్తే ఆ శుక్రవారం పండగే. మిగతావాళ్లకు ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేక కాదు. శనివారం పబ్బుల్లో టీవీల ముందు కాలు పెట్టడానికి చోటుండదు. సముద్రం అవతల ఇంగ్లండులో తాము మెచ్చిన క్లబ్బు గెలిస్తే 'మనం గెలిచాం' అంటారు. ఊరి జట్టు ఓడితే 'వాళ్లు ఓడారట' అంటారు, అదీ ఎవరైనా వచ్చి చెబితే.

ఆ మిగతావాళ్లలో మొదటివాడు కార్మక్ తండ్రి మలాకీ. చెప్పుల ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులో పనిచేశాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి, తన పెద్ద క్లబ్బు ఆట చూసి, గొంతు పోగొట్టుకుని తిరిగొస్తాడు. ఇంటి వెనక సందు దాటితే వచ్చే మైదానంలో కొడుకు ఆటను మాత్రం ఒక్కసారీ చూడలేదు.

కొడుకును పదిహేడో ఏట ఇంగ్లండు క్లబ్బు ఒకటి తీసుకెళ్లినప్పుడు మలాకీ పబ్బులో ఉన్నవాళ్లందరికీ పోయించాడు. రెండేళ్లకు ఆ క్లబ్బు ఇక చాలని చెప్పేసింది. బూట్లన్నీ చెత్త సంచిలో వేసుకుని కార్మక్ ఓడ దిగాడు. తండ్రి రేవుకు రాలేదు.

ముప్పై అయిదో ఏట ఊరి క్లబ్బు కార్మక్ పేరిట సన్మాన మ్యాచ్ పెట్టింది. అదృష్టమో మరొకటో, ఎదుట ఆడటానికి మలాకీ కొలిచే పెద్ద క్లబ్బే ఒప్పుకుంది. టిక్కెట్లు ఒక్క పూటలో అయిపోయాయి. తండ్రి టిక్కెట్టు కార్మక్ స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు.

"వస్తావా నాన్నా?"

"రాకపోవడమేంట్రా? మనవాళ్లు నడిచొచ్చి మనూళ్లో ఆడుతుంటే!"

ఎవరికోసం వస్తే ఏం, అనుకున్నాడు కార్మక్. వచ్చి కూర్చుంటే చాలు. బతుకంతా చేతుల్తో పనిచేసిన మనిషి, మంచి పని కళ్లముందు జరిగితే గుర్తుపట్టకపోడు. ఆ సన్మానంలో అతను కోరుకున్నది అదొక్కటే.

జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం మైదానం నిండింది. బాలినార్డ్ రంగు నీలం. గ్యాలరీలన్నీ మాత్రం ఆవపూలు పూసినట్టు పసుపే, వచ్చిన జట్టు రంగు. జట్టు బట్టలు ఉతికే బెర్నీ ఆటగాళ్ల గది తలుపు దగ్గర నిలబడి నడుం మీద చేతులేసుకుంది.

"బాగుందిరా కార్మక్! పెళ్లికొడుకువి నువ్వు, ఊరేగింపు వాళ్లకి!"

"నిండింది కదా బెర్నీ. పోనీలే."

"నిండింది. నేనుతికే నీలం చొక్కా వేసుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, వాడి కాళ్లు కడిగి టీ పోస్తా."

పెద్ద క్లబ్బు పేరున్న ఆటగాణ్ణి ఒక్కణ్ణీ పంపలేదు. కుర్రాళ్లను పంపింది. వాళ్లెవరో జనానికి తెలియదు. అయినా చొక్కా చూసి అరిచారు. మొదటి గోలు బాలినార్డ్ కొడితే అక్కడక్కడా చప్పట్లు వినపడ్డాయి, వాన మొదలైనప్పటి చినుకుల్లా, అంతలోనే ఆగాయి.

మలాకీ గోలు పక్కన మూడో వరసలో, మెడలో పసుపు కండువాతో కూర్చున్నాడు. కార్మక్ రెండుమూడుసార్లు అటు చూశాడు. తండ్రి చూపు బంతి మీదే ఉంది, అదీ పసుపు కాళ్ల దగ్గర ఉన్నంతసేపే.

రెండో సగంలో వాళ్ల కుర్రాడొకడు చిరుతలా దూసుకొచ్చాడు. వాడు గోలు ముందుకొచ్చేదాకా కార్మక్ తొందరపడలేదు. వాడు బంతిని ఎడమకాలి మీదికి మార్చుకునే క్షణం కోసం కాచుకుని, అప్పుడు జారి, కాలు చాచి బంతిని మాత్రం తీసుకెళ్లాడు, పాలమీది మీగడ తీసినట్టు. పదహారేళ్లలో అంత శుభ్రంగా ఎప్పుడూ తీయలేదు. కుర్రాడు తన ఊపుకు తనే పడ్డాడు.

"పెనాల్టీ! ఒరే రిఫరీ, కళ్లు పోయాయా? పెనాల్టీ!"

మొదటి కేక మూడో వరసలోంచి వచ్చింది. ఆ గొంతు ఎవరిదో కార్మక్ తల తిప్పకుండానే చెప్పగలడు. వెనకే మైదానమంతా అందుకుంది. రిఫరీ జనాన్ని చూశాడు, ఈల ఊదాడు.

"బంతినే తీశాను, నీకూ తెలుసు," అన్నాడు కార్మక్.

"తెలుసులే. జనం వచ్చింది దానికోసమేగా. ఆడెయ్."

గోలు పడింది. బాలినార్డ్ మైదానంలో అంత పెద్ద హోరు అంతకుముందెప్పుడూ లేవలేదు. ఆట సమంగా ముగిసింది. క్లబ్బువాళ్లు కార్మక్‌కు ఒక గాజు గిన్నె ఇచ్చేసరికి సగం జనం కుర్రాళ్ల బస్సు చుట్టూ మూగారు.

క్లబ్బు బారులో మలాకీ సగం గ్లాసు ముందు పెట్టుకుని వెలిగిపోతున్నాడు.

"బంతినే తీశాను నాన్నా."

"కాలు తగిలింది. నేను చూశాను కదా."

"ఇన్నేళ్లకు ఒక్క ఆట చూశావు. అందులో నా కాలే కనపడిందా?"

మలాకీ మొహం ముడుచుకుంది. "నన్నంటావేం? ఇక్కడి ఆటలో చూడ్డానికేముందిరా? బాగా ఆడేవాడెవడైనా ఇక్కడ మిగులుతాడా? నువ్వు బాగుంటే వాళ్లు వెనక్కెందుకు పంపుతారు?"

ఇద్దరి మధ్యా పదహారేళ్లుగా నోరు దాటని మాట అది. కార్మక్‌కు కోపం కూడా రాలేదు. ఎన్నాళ్లుగానో తడి దిగుతున్న గోడ పెచ్చు ఊడితే, లోపలున్నదేదో బయటపడినట్టు అనిపించింది, అంతే.

మలాకీ గ్లాసు ఖాళీ చేసి కొడుకు సంచివైపు చూశాడు. "ఆ కుర్రాడితో చొక్కా మార్చుకున్నావటగా. నువ్వేం చేసుకుంటావ్?"

కార్మక్ సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఇంకా తడిగా ఉంది. మలాకీ దాన్ని రెండు చేతులా అందుకుని వెనక్కి తిప్పి చూశాడు. అంకె ఉంది, పేరు లేదు.

"ఎవడ్రా వీడు?"

"ఈ ఏడాదితో ఒప్పందం అయిపోతుందట. ఉంచుకుంటారో, పంపేస్తారో వాడికే తెలీదు."

"అయ్యో పాపం." మలాకీ నాలుక చప్పరించాడు. అతని కళ్లలో నిజంగానే జాలి కదిలింది. "చిన్నపిల్లాడు కదరా! ఆ వయసులో పొమ్మంటే ఎంత దెబ్బ! ఇంట్లోవాళ్లయినా చేరదీయాలి కదా!"

కార్మక్ చూపు తండ్రి మొహం మీద నిలిచింది. ఆయన అన్న మాట ఆయనకెక్కడైనా తగులుతుందేమోనని చూశాడు. తగల్లేదు. మలాకీ చొక్కాను తన ఛాతీకి ఆనించి, కొలత సరిపోతుందా అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు.