నాయన పీకిన తుంగ

గోల్ఫ్ ఆడేవాళ్లు ఆరేడేళ్లకే మొదలుపెడతారట. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో, శనగ కోసేసిన మా చేన్లో మొదలుపెట్టాను. మా వీధిలో ఉండే మామ దుబాయ్‌లో ఏళ్ల తరబడి ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కత్తిరించి, వచ్చేటప్పుడు అక్కడివాళ్లు పారేసిన గోల్ఫ్ కట్టెలు ఒక మోపు తెచ్చుకున్నాడు. ఆయన కొడుకులకు క్రికెట్ తప్ప ఏదీ పట్టదు. నాకు ఇది పట్టింది. ఎందుకంటే చెప్పలేను. ఒకరోజు బంతి సరిగ్గా తగిలి పెద్దముడియం రోడ్డు దాకా ఎగిరిపోయింది. ఆ చప్పుడు అన్నం తినేటప్పుడు కూడా చెవిలో ఉంది.

ఎండాకాలం మా నల్లరేగడి నెర్రెలిస్తుంది. బంతి నెర్రెలో పడితే భూదేవికి సమర్పయామి. దారిన పోయేవాళ్లది ఇంకో బాధ. చేన్లో ఆడపిల్ల కట్టె పట్టుకుని నేలను బాదుతోందంటే మా వైపు దానికి ఒకటే అర్థం. బండ్లు ఆపి, దొరికిన కట్టె అందుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు.

"యాడుంది పాపా? నాగుబామా?"

"పాము లేదు మామా. ఆడుకుంటాండా."

"ఒక్కదానివేనా? అదేం ఆటమ్మే!"

పాము లేదని తెలిశాక వాళ్ల ముఖాలు చూడాలంటే నాకే కష్టంగా ఉండేది.

బెంగుళూరులో ఒక యూనివర్సిటీ ఉంది. వాళ్ల అమ్మాయిల గోల్ఫ్ జట్టులో చోటు దొరికితే చదువుకు సీటిస్తారు. దొరక్కపోతే నేను పులివెందులలో మా మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదవాలి. మేనత్త మంచిదే. కాకపోతే ఆమె ఇంట్లో పిల్లి కూడా అడిగే దగ్గుతుంది. అది పక్కన పెట్టినా, నాకు ఆ జట్టు కావాలి. అంత గట్టిగా అంతకుముందు దేన్నీ కోరుకోలేదు.

ఎంపిక పోటీకి నాయన తోడొచ్చాడు. "ఆడబిడ్డ బరువు మోసేదేంది" అని కట్టెల సంచి తన భుజానికే వేసుకున్నాడు. సంచి మోసేవాళ్లు చేసిన తప్పు ఆడేవాళ్ల మీదే పడుతుందని అక్కడివాళ్లు ముందే ఇంగ్లీషులో చెప్పారు. నాయన తలూపాడు. ఇంగ్లీషులో ఏం చెప్పినా ఆయన అలాగే తలూపుతాడు.

ఈ ఆటలో తక్కువ దెబ్బలతో ముగించినవాళ్లే గెలుస్తారు. నావి తక్కువగానే పడుతున్నాయి. అంత పచ్చగడ్డి మీద నేనెప్పుడూ నడిచి కూడా ఎరగను, అయినా బంతి నా మాట వింటోంది. దాదాపు అయిపోవచ్చింది అనగా ఒక బంతి పొడుగు గడ్డిలో పడింది. బంతి ఎలా పడితే అలాగే కొట్టాలి. చుట్టూ పెరిగే గడ్డిని ముట్టుకోకూడదు. నేను దూరంగా ఉన్న జెండా వైపు చూస్తున్నాను. వెనక పుటుక్కుమంది. తుంగ వేరుతో సహా ఊడే చప్పుడు సేద్యం చేసే ఇంట్లో పుట్టినదానికి ఒకరు చెప్పక్కర్లేదు.

తిరిగి చూస్తే, బంతి పక్కనున్న తుంగను గడ్డతో సహా లాగి, మన్ను దులుపుతున్నాడు నాయన.

"ఇన్ని నీళ్లు పెట్టి తుంగను సాకుతాండారు. సిగ్గుండల్ల."

"ఎందుకు పీకితివి నాయనా?"

"తుంగ గదా."

"పీకగూడదు. నాకు రెండు దెబ్బలు ఎక్కువ రాస్తారు."

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఎవురు చూసినారు?"

"ఎవరూ చూళ్లేదు."

"ఇంగేంది మరి?"

నాకు ఒళ్లు మండిపోయింది. తుంగ మీద, నాయన మీద, ఈ ఆట కనిపెట్టిన పుణ్యాత్ముల మీద. ఇందులో ప్రతి ఆటగాడి వెనకా అంపైర్ తిరగడు. మన తప్పు మనమే చెప్పుకోవాలి. నోరు మూసుకుంటే పోయేదేమీ లేదు. మూసుకుందామనే అనుకున్నాను. కట్టె ఎత్తాను. ఎంత చూసినా పీకిన చోట మన్నే కనబడుతోంది, చూపు బంతి మీద నిలవడం లేదు. కట్టె దించి, అవతల తన బంతి దగ్గరున్న, నా లెక్క రాస్తున్న అమ్మాయిని పిలిచి చెప్పేశాను. ఆమె నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసి, రెండు దెబ్బలు కలిపి రాసుకుంది.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు.

"ఆ రెండూ లేకుంటే?" అన్నాడు నాయన.

"ఉండేదాన్ని."

బస్సులో ఆయన కట్టెల సంచిని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

జమ్మలమడుగులో దిగగానే టీ బంకు దగ్గర ఆయన జతగాళ్లు పట్టుకున్నారు. "ఏమప్పా, పాప గెలిచిందా?" నేనే జరిగింది చెప్పాను. వాళ్లలో ఒకాయన పకపకా నవ్వి, "ఎవురూ చూడంది చెప్పేదేందప్పా! శానా తిక్కపిల్ల" అన్నాడు.

మా నాయన గట్టు తగాదాలో గానీ, కూరలో ఉప్పు విషయంలో గానీ తనది తప్పు అన్నట్టు విన్నవాళ్లు మా మండలంలో లేరు. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"తప్పు చేసింది నేనప్పా. దాని సీటు పోగొట్టింది నేనే. బిడ్డ ఉండేది ఉన్నట్టు చెప్పింది." మళ్లీ గ్లాసు అందుకుంటూ, "నేనైతే చెప్పేటోన్ని గాదు" అన్నాడు.

బెంగుళూరులో ఒక్క చుక్క కన్నీరు పెట్టని దాన్ని, ఆ బంకు ముందు అందరూ చూస్తుండగా బోరుమన్నాను.

"ఇప్పుడేమైందిమ్మే!" అని కసిరాడు నాయన.